మన్రో దొర విద్యా పద్దు

విద్యపట్ల ప్రభుత్వానికి గల అభిమానాన్ని ఉపన్యాసాలలో వెతకటం పొరపాటు. దానిని పద్దులలో చూడాలి. అందులోనూ ఒక పద్దును మరొక పద్దు పక్కన పెట్టి చూడాలి. అటువంటి పాత లెక్క ఒకటి విశాఖపట్టణం జిల్లాకు సంబంధించి వున్నది.

1820 నుంచి 1827 వరకు మద్రాసు గవర్నరుగా పనిచేసిన సర్ థామస్ మన్రో కంపెనీ దొరలందరివంటివాడు కాడు. దత్తమండలాలలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే జనం ఆయనను ఎలా తలచారో ఊహించవచ్చు. 1822లో ఆయన, జిల్లాలో బడులెన్ని, ఏ కులాలవారి పిల్లలెందరు చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ లెక్క అడిగాడు. మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. ఇందులో విశాఖపట్టణం జిల్లా బడులు 914.

ఈ అంకెలు చూచి పూర్వం స్వర్ణయుగమని మురిసిపోనక్కరలేదు. ఆ పిల్లలలో ఆడపిల్లలు 4,540 మందే. కులాలవారీగా గీసిన ఆ పట్టికలలో అంటరానివారికి ప్రత్యేకంగా ఒక గడి కూడా లేదు. అయితే ఉన్న ఆ కాస్త చదువూ ఎందుకు క్షీణిస్తున్నదన్న ప్రశ్నకు బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823లో దాపరికం లేకుండా జవాబిచ్చాడు: దేశం బీదపడుతున్నది, ఇంగ్లీషు బట్టల రాకతో నేతపనివారి జీవనం దెబ్బతిన్నది, ఇక్కడి ధనం పైదేశానికి తరలిపోతున్నది, ఒకప్పుడు పాలకులిచ్చిన ఆసరా ఇప్పుడు లేదు. బళ్లారిని గురించిన ఈ మాటలు, బట్టల వర్తకం కోసమే కంపెనీ స్థావరం వేసిన విశాఖకు వర్తించవని ఎవరనగలరు?

1826 మార్చి 10న మన్రో తన విద్యా ప్రణాళికను రాశాడు. వీధిబడి పంతులుకు పిల్లలిచ్చే నాలుగణాలు, ఎనిమిదణాలతో నెలకు ఆరేడు రూపాయలకు మించి రావటం లేదనీ, అందువల్ల సమర్థులు ఈ వృత్తికి రారనీ ఆయన గుర్తించాడు. ఆయన సూచించిన నెల ఖర్చు ఇది: పాఠ్యపుస్తకాల సంఘానికి 700 రూపాయలు, జిల్లాకు రెండు చొప్పున 40 పెద్ద పాఠశాలలకు, ఒక్కొక్క దానికి 15 వంతున 600, తహశీలుకు ఒకటిగా 300 పాఠశాలలకు 9 వంతున 2,700. వెరసి 4,000. అంటే ఏడాదికి 48,000 రూపాయలు.

ఇక రెండవ పద్దు. విశాఖపట్టణం జిల్లాలోని విజయనగరం జమీందారీ 1802 శాశ్వత పరిష్కారం ప్రకారం కంపెనీకి ఏటా కట్టవలసిన పేష్కష్ 5 లక్షల రూపాయలు. మద్రాసు రాజధాని మొత్తానికి, కోటి ఇరవై ఎనిమిది లక్షల జనానికి, ఒక ఉదార గవర్నరు కోరిన విద్యాధనం ఆ ఒక్క జమీందారీ కప్పంలో పదోవంతు కూడా కాదు! అదైనా పూర్తిగా ఖర్చుకాలేదు. 1827లో మన్రో కలరాతో మరణించాడు. 1835లో మెకాలే వాదం నెగ్గి, ప్రభుత్వధనం ఇంగ్లీషు చదువు వైపు మళ్లింది. 1836లో ఆ పాఠశాలలను ఎత్తివేశారు. దీనిని బట్టి తేలేదేమిటి? లోపం మన్రో మనసులో లేదు. పన్ను వసూలు చేయటానికి పుట్టిన ఖజానాలో చదువు మిగులుకు సంబంధించిన పద్దు మాత్రమే.

1919 చట్టం ఈ సంగతిని శాసనంగానే రాసింది. విద్య మంత్రికిచ్చారు, ఆర్థికశాఖను గవర్నరు కార్యనిర్వాహక సభ్యుని చేతిలో ఉంచారు. శాసనమండలి పోలీసు పద్దును తగ్గిస్తే, ఆ ఖర్చు అత్యవసరమని సంతకం చేసి గవర్నరు దానిని నిలబెట్టవచ్చు. బడి పద్దుకు అటువంటి రక్షణ లేదు. పైగా మెస్టన్ ఒప్పందం కింద మద్రాసు ఏటా 348 లక్షలు కేంద్రానికి కట్టవలసి వచ్చింది.

ఖజానా వెనుకాడిన చోట దాతలు ముందుకు వచ్చారు. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలిచ్చాడు. ఆ ఔదార్యానికి నమస్కరిద్దాం. కాని ఆ లక్ష ఏజన్సీ కొండలలో శిస్తు కట్టిన రైతుదేనన్న సంగతి మరువరాదు. వారి పిల్లలు వాల్తేరు మెట్లెక్కటానికి ఎంతకాలం పట్టింది?

నేడు రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం గవర్నరు పేరిటే బడ్జెట్టు శాసనసభ ముందుకు వస్తుంది. గవర్నరు జీతభత్యాలు, అప్పుల వడ్డీలు ఓటు అవసరంలేని పద్దులు. బడిపంతులు జీతం ఓటుకు నిలబడవలసిన పద్దు. ఐతే ఇప్పుడు ఆ ఓటు వేసేవారిని ఎన్నుకొనేది వయోజన ప్రజ. మన్రో నాటి రైతుకు లేని ఆయుధం ఇదే. రేవూ ఉక్కూ గల ఈ పట్టణంలోని అధ్యాపకులు, విద్యార్థులు ప్రతి ఏటా అడగవలసింది విద్యకు ఎంత ఇచ్చారని మాత్రమే కాదు. దేని తరువాత ఇచ్చారని.