గూడు ఎవరికి తెలియదు?

కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ పార్కులో 1974 ఆగస్టు 7న, కింద గుడారాలు వేసుకునేవాళ్ల మీద విరిగిపడేలా ఉన్న కొమ్మలు నరకడానికి హోయిట్ ఫాస్టర్ ఒక డగ్లస్ ఫర్ చెట్టెక్కాడు. 45 మీటర్ల ఎత్తున, నాచు పట్టిన కొమ్మ మీద మార్బుల్డ్ మర్రెలెట్ పిల్ల కనిపించింది. అంతవరకూ ఈ చిన్న సముద్రపక్షి గూడు లోకానికి తెలియదని, పక్షి అంత గుట్టుగా బతుకుతుందని పుస్తకాలు చెబుతాయి. ఈ మాట సగమే నిజమని నా అభిప్రాయం.

తొలి ఘట్టాలు తెలిసినవే. కెప్టెన్ కుక్ మూడో యాత్రలో అలాస్కా తీరాన నమూనా దొరికింది. 1789లో ప్రకృతి శాస్త్రవేత్త గ్మెలిన్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం నమూనాల కోసం పేలే తుపాకీలదే రాజ్యం.

తేలనిది ఇరవయ్యో శతాబ్దపు నడిమి కథ. పొగమంచు పట్టిన వేకువల్లో చెట్ల మీదుగా పోయే కేకలను కలప కూలీలు ఎప్పటినుంచో వింటున్నారు, దానికో పేరూ పెట్టుకున్నారు. 1953లో బ్రిటిష్ కొలంబియాలో ఒక పెద్ద చెట్టు కూలినప్పుడు దెబ్బతిన్న మర్రెలెట్, గుడ్డు పెంకుల ముక్కలు దొరికాయి. 1960ల తొలినాళ్లలో ఓఖోట్స్క్ తీరాన ఒక లార్చ్ చెట్టు మీద గూడే బయటపడింది. అయితే అక్కడి పక్షిని 1990ల చివర్లో వేరే జాతిగా విడదీశారు కనుక ఆ సాక్ష్యాన్ని పూర్తిగా లెక్కలో వేయలేం. కేక విన్న కూలీలందరూ అది సముద్రంలో ఈదే పక్షేనని గుర్తుపట్టారనీ చెప్పలేం. అలాస్కాలో కొన్ని నేల మీద కూడా గుడ్లు పెడతాయి. కాబట్టి కొండల్లో వెతికినవాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. అయినా 1970లో ఆడుబన్ సంస్థ పత్రిక ఒకటి గూడు చూపినవారికి 100 డాలర్లు ఇస్తామన్నప్పుడు, చెట్టు అన్న జవాబు ఏళ్ల తరబడి అచ్చులోనూ అడవిలోనూ ఉంది. పక్షి గుట్టు కన్నా, రంపం పట్టినవాడి మాటకు విలువ లేకపోవడమే ఆలస్యానికి పెద్ద కారణమనుకుంటాను. ఈలోగా ఆ చెట్లే నేలకూలుతూ వచ్చాయి. వాషింగ్టన్, ఒరెగాన్, కాలిఫోర్నియాల్లో 1992లో గానీ ఈ పక్షికి కేంద్ర చట్టం రక్షణ రాలేదు.

పరిశీలకులు తర్వాత చెవిని నమ్ముకున్నారు. సూర్యోదయానికి 45 నిమిషాల ముందు నుంచి 75 నిమిషాల తర్వాత దాకా అడవిలో నిలబడి కేకలు, రెక్కల కదలికలు రాసుకునే పద్ధతి స్థిరపడింది. ఇప్పుడు పొడవాటి లెన్సుల కాలం. గూటి దగ్గర ఫొటో కోసం తిరిగేవాళ్లపై నాకు సదభిప్రాయం లేదు. మనిషి తిండి రాలిన చోటికి స్టెల్లర్ జే పక్షులు, బొంతకాకులు చేరతాయి. గుడ్లనూ పిల్లలనూ తినేవి అవే. గూటికి ఒక్కటే గుడ్డు.

సముద్రంలో, దూరంగా పడవ ఆపి తీసే ఫొటో వేరు. కానీ అందమైన, ఎదిగిన పక్షుల ఫొటోలు ఎన్ని చేరినా మురిసిపోనక్కర్లేదు: ఇవి చాలా ఏళ్లు బతుకుతాయి, పిల్లలు లేకపోయినా తీరం కొంతకాలం నిండుగానే కనిపిస్తుంది. జూలై, ఆగస్టుల్లో పెద్దవి ఇంకా గోధుమ రంగులో ఉండగా ఆ ఏటి పిల్లలు నలుపు తెలుపుల్లో ఉంటాయి. ఆ తేడా స్పష్టంగా తెలిసే మామూలు ఫొటో, పోటీలో గెలిచే ఫొటో కన్నా పనికొస్తుంది. అలాంటివి తీసేవాళ్లే తక్కువ.