గోబింద్ సాగర్: బొచ్చె పోయి వెండి చేప వచ్చిన సరస్సు

భాక్రా నంగల్ అనే పేరు తెలుగు విద్యార్థులకు సాంఘికశాస్త్ర పాఠాల్లో పరిచయమవుతుంది. సట్లెజ్ నది, కాంక్రీటు ఆనకట్ట, పంజాబ్ గోధుమ పొలాలు, నెహ్రూ ప్రారంభోత్సవం అన్న నాలుగు మాటలతో పాఠం ముగుస్తుంది. ఆనకట్ట వెనుక నిలిచిన నీటి సంగతి అందులో సాధారణంగా ఉండదు. ఆ నీటి పేరు గోబింద్ సాగర్. పదవ సిక్కు గురువు గోబింద్ సింగ్ పేరిట ఏర్పడిన ఈ జలాశయం ప్రధానంగా హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలోనూ, కొంతభాగం ఊనా జిల్లాలోనూ విస్తరించి ఉంది. వేలాది కుటుంబాలను నిర్వాసితులను చేసిన ఈ సరస్సే అనేక కుటుంబాలకు చేపల వేటను కొత్త వృత్తిగా ఇచ్చింది. ఇప్పుడు అది పర్యాటక కేంద్రంగానూ మారుతోంది.

భాక్రా ఆనకట్ట ఎత్తు సుమారు 226 మీటర్లు. 1963 అక్టోబరు 22న అది జాతికి అంకితమైంది. దాని వెనుక సరస్సు దాదాపు 90 కిలోమీటర్ల పొడవున కొండల మధ్య మెలికలు తిరుగుతూ సాగుతుంది. వైశాల్యం సుమారు 168 చదరపు కిలోమీటర్లు, నిల్వ సామర్థ్యం సుమారు 930 కోట్ల ఘనపు మీటర్లు. మన లెక్కలో చెప్పుకోవాలంటే 330 టీఎంసీలు. సుమారు 285 చదరపు కిలోమీటర్ల నాగార్జున సాగర్ నేటి సామర్థ్యం 312 టీఎంసీలన్నది గుర్తు చేసుకుంటే, గోబింద్ సాగర్ ఎంత ఇరుకైనదో, ఎంత లోతైనదో అర్థమవుతుంది. ఈ లోతే చేపల కథలోనూ, పర్యాటకుల ప్రమాదాల కథలోనూ ముఖ్యపాత్ర.

నీటి కింద ఒక పట్టణం ఉంది. ఒకనాటి బిలాస్‌పూర్ సంస్థానం 1954 జూలై 1న హిమాచల్ ప్రదేశ్‌లో విలీనమైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే సంస్థాన రాజధాని మునిగిపోయింది. ముంపు బారిన పడిన గ్రామాల సంఖ్య 371. నిర్వాసితుల్లో అనేకులకు నేటి హర్యానాలోని హిసార్, సిర్సా, ఫతేహాబాద్ ప్రాంతాల్లో భూములిచ్చారు. వెళ్లలేనివారు, వెళ్లి తిరిగివచ్చినవారు కొండపైన కట్టిన కొత్త బిలాస్‌పూర్‌లోనూ, చుట్టుపక్కల వాలుల్లోనూ స్థిరపడ్డారు. పాత పట్టణపు సాండూ మైదానంలో జరిగే నల్వారీ పశువుల సంత ఇప్పుడు లుహ్ణూ మైదానంలో మార్చి నెలలో జరుగుతోంది. వేసవికి ముందు నీరు తగ్గినప్పుడు పాత ఆలయాల శిఖరాలు, గోడలు బయటపడతాయి. బురద ఆరిన తర్వాత జనం అక్కడిదాకా నడిచి వెళ్తారు. ఫొటోల కోసం వచ్చే పర్యాటకులకు అది వింత కావచ్చు. పాత తరం వారికి అది తమ వీధి.

దారి తప్పి వచ్చిన చేప

కొత్త జలాశయంలో చేపపిల్లలను వదలడం 1960లలో దేశమంతటా సాగిన ప్రయత్నమే. గోబింద్ సాగర్‌లో మనకు బాగా తెలిసిన బొచ్చె, శీలావతి, ఎర్రమోసు రకాలతోపాటు విదేశీ జాతియైన బంగారు తీగను కూడా పెంచారు. సట్లెజ్‌లో సహజంగా ఉండే మహసీర్ వంటి కొండనదుల చేపలు ఎలాగూ ఉన్నాయి. వీటిలో బొచ్చె చక్కగా పెరిగింది.

1971లో వరదనీరు బిలాస్‌పూర్ సమీపంలోని దియోలీ చేపల క్షేత్రాన్ని ముంచెత్తింది. అక్కడి చెరువుల్లో ఉన్న సిల్వర్ కార్ప్, అంటే తెలుగు రైతులు వెండి చేప అనే రకం, సరస్సులోకి చేరింది. 1959లో జపాన్ నుంచి కటక్‌కు తెచ్చిన చేపల సంతతి ఇది. దీని స్వస్థలం చైనా, రష్యాల నదులు. ఎవరూ ప్రణాళిక వేయలేదు, ఎవరూ అనుమతి ఇవ్వలేదు. కొన్నేళ్లలోనే అది సరస్సులో స్వయంగా సంతానోత్పత్తి చేసుకునే స్థితికి చేరింది. పట్టుబడిలో అత్యధిక భాగం వెండి చేపదే అయింది. బొచ్చె దాదాపు కనుమరుగైంది.

కారణం కేవలం పోటీయేనా? రెండూ పైపొరలో మేసే చేపలే. వెండి చేప మొప్పల్లోని జల్లెడవంటి అమరికతో సూక్ష్మ వృక్షప్లవకాలను వడకట్టుకుంటుంది. బొచ్చె ప్రధానంగా జంతుప్లవకాలపై ఆధారపడుతుంది. ఆహారంలో పోటీ కొంతమేరకు ఉన్నా, అదొక్కటే కథ కాదు. 1977లో బియాస్–సట్లెజ్ అనుసంధానం పూర్తయింది. పండోహ్ వద్ద మళ్లించిన బియాస్ నది నీరు సొరంగాల గుండా వచ్చి, డెహర్ విద్యుత్ కేంద్రంలో కరెంటు పుట్టించి సట్లెజ్‌లో పడుతుంది. మంచు కరిగిన ఆ చల్లని నీరు సరస్సు స్వభావాన్నే మార్చింది. వెచ్చని మైదాన నదులకు అలవాటుపడిన బొచ్చెకు ఆ చలి ప్రతికూలం. వెండి చేపకు కాదు. రెండు కారణాల్లో దేని వాటా ఎంతన్నది విడదీసి చెప్పడం తేలిక కాదు గానీ, రెండూ కలిసి ఒకే వైపు మొగ్గాయి.

మత్స్యశాస్త్ర పాఠాల్లో ఈ ఉదంతం విదేశీ జాతుల ప్రమాదానికి ఉదాహరణగా కనిపిస్తుంది. ఆ హెచ్చరిక సరైనదే. కాని గోబింద్ సాగర్ మత్స్యకారుడి దృష్టిలో లెక్క వేరు. ఒక దశలో దేశంలోని పెద్ద జలాశయాలలో హెక్టారుకు మంచి దిగుబడినిచ్చే వాటిలో ఒకటిగా ఈ సరస్సుకు పేరు తెచ్చింది ఆ అతిథి చేపే. ముళ్లెక్కువ, త్వరగా పాడవుతుంది, బొచ్చెతో సమానమైన ధర రాదు. అయినా పడవ నిండేది దానితోనే. పోయిన జీవవైవిధ్యానికి, నిండిన వలకు మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని దాటవేసి, ఏదో ఒకటే చెప్పే కథనాలు సగం కథనాలే.

ఇప్పుడు ఆ వల కూడా మునుపటిలా నిండడం లేదు. గత దశాబ్దంలో దిగుబడి బాగా పడిపోయింది. డెహర్ విద్యుత్ కేంద్రానికి ఎగువన 800 మెగావాట్ల కోల్‌డ్యామ్ 2015లో పనిచేయడం ప్రారంభించింది. వెండి చేప గుడ్లు ప్రవాహంలో తేలుతూ పొదగాలి. అందుకు స్వేచ్ఛగా పారే నది కొంత పొడవున ఉండాలి. ఆ పొడవే తగ్గింది. వలసపోయే మహసీర్‌కూ ఎగువకు దారి మూసుకుపోయింది. దీనికి పూడిక తోడు: జలాశయం సామర్థ్యంలో దాదాపు నాలుగో వంతు ఇప్పటికే మట్టికి పోయింది. కిరత్‌పూర్–నేర్‌చౌక్ నాలుగు వరుసల రహదారి పనుల మట్టి సరస్సులో పడుతోందన్న ఫిర్యాదు హైకోర్టు దాకా వెళ్లింది.

వల, గేలం, విరామం

సరస్సులో వేట ఎవరు పడితే వారు చేసేది కాదు. మత్స్యకారులు సహకార సంఘాల్లో సభ్యులు. నిర్వాసిత కుటుంబాలవారు వీరిలో అనేకులు. సాయంత్రం గిల్ వలలు కట్టి, తెల్లవారుజామున తీస్తారు. వల కంటిలో తల దూర్చిన చేప మొప్పల దగ్గర చిక్కుకుంటుంది. కనుక కన్ను ఎంత పెద్దదన్న నిబంధనే పిల్లచేపలకు రక్ష. పట్టిన చేపను సంఘం కేంద్రానికి తెస్తారు, అక్కడినుంచి గుత్తేదారు ద్వారా మైదాన ప్రాంతపు మార్కెట్లకు వెళ్తుంది. ప్రభుత్వానికి రాయల్టీ చెల్లిస్తారు. రాష్ట్ర మత్స్యశాఖ ప్రధాన కార్యాలయం సిమ్లాలో కాక బిలాస్‌పూర్‌లో ఉండడం ఈ సరస్సు ప్రాధాన్యాన్ని చెప్పకనే చెబుతుంది.

వర్షాకాలంలో రెండు నెలలు వేట నిషిద్ధం. గతంలో ఇది జూన్, జూలై నెలల్లో ఉండేది. తర్వాత జూన్ 16 నుంచి ఆగస్టు 15 వరకు మార్చారు. చేపలు గుడ్లు పెట్టే కాలం ఇదే. సీర్ ఖడ్, అలీ ఖడ్ వంటి వాగుల్లోకి మహసీర్ ఎక్కేది అప్పుడే. కొండ వాగును అక్కడివారు ఖడ్ అంటారు. ఈ రెండు నెలలూ మత్స్యకారుడికి ఆదాయం లేదు. పొదుపు–సహాయ పథకం కింద అతను ముందుగా దాచిన సొమ్ముకు కేంద్ర, రాష్ట్రాల వాటా కలిపి ఈ కాలంలో చెల్లిస్తారు. అది జీతం కాదు, ఊరట మాత్రమే. దొంగవేటగాడికి మాత్రం విరామం లేదు. వాగు ముఖద్వారంలో ఒక్క రాత్రి వేసిన వల ఒక తరం చేపను తుడిచిపెట్టగలదు.

గేలం పట్టేవారికి కూడా రాష్ట్ర మత్స్య చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. వారి కల బంగారు మహసీర్. యాభై కిలోలకు పైబడి పెరగగల ఈ చేప అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో ప్రమాదస్థితిలో ఉంది. పేరు వెనుక కూడా తగాదా ఉంది: పర్షియన్ మాహీ, షేర్ కలిసి ‘చేపల్లో పులి’ అయిందని కొందరు, ‘పెద్ద తల’ అన్న అర్థంలో మహాశిర నుంచి వచ్చిందని మరికొందరు. గేలానికి తగిలాక అది చేసే పోరాటం చూసినవారు మొదటి అర్థాన్నే నమ్ముతారు. బుద్ధిగల గేలగాడు ఫొటో తీసుకుని దాన్ని తిరిగి నీటిలో వదిలేస్తాడు.

మట్టం ఎవరి చేతిలో?

సరస్సు నీటిమట్టాన్ని నిర్ణయించేది చేపలూ కాదు, పడవలూ కాదు. భాక్రా బియాస్ యాజమాన్య బోర్డు పంజాబ్, హర్యానా, రాజస్థాన్‌ల సాగు అవసరాలు, విద్యుత్తు చూసి నీటిని నింపుతుంది, వదులుతుంది. మే 21 నుంచి సెప్టెంబరు 20 వరకు నింపే కాలం, మిగతాది ఖాళీ చేసే కాలం. పూర్తి మట్టం 1,680 అడుగులు; కనిష్ఠ మట్టం 1,462 అడుగులు. నాగార్జున సాగర్‌లో ఇవి వరుసగా 590, 510 అడుగులు. తీరం ఏడాదిలో ఇంతగా పైకీ కిందికీ కదిలే చోట గట్టున నాచు గాని, చేప గుడ్లు పెట్టే నిస్సార జలాలు గాని నిలవవు. చేపకు చెందిన ఈ కష్టమే పర్యాటకుడికీ వర్తిస్తుంది: వేసవిలో నడిచిన నేల ఆగస్టులో పదుల అడుగుల లోతులో ఉంటుంది.

2022 ఆగస్టు 1న ఊనా జిల్లా వైపు పంజాబ్ నుంచి వచ్చిన ఏడుగురు స్నానానికి దిగి మునిగిపోయారు. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి మిగతావారు కూడా గల్లంతయ్యారు. అది సరస్సు వేగంగా నిండే కాలం. కొండవాలు నీటి అడుగున మెట్లు లేని గోడలా జారుతుంది, దానిపై పూడిక జిగట. మోకాలి లోతున నిలబడ్డ మనిషికి తర్వాతి అడుగు కింద నేల ఉండకపోవచ్చు. ఈత వచ్చినవారికి కూడా మంచునీటి చలి వేళ్లను మొద్దుబార్చేస్తుంది.

సురక్షితంగా చూడదలచినవారికి బిలాస్‌పూర్ మంచి ఆరంభస్థలం. లుహ్ణూ వద్ద జలక్రీడలు, పడవ విహారం ఉన్నాయి. బండ్లా కొండ నుంచి పారాగ్లైడింగ్ చేసేవారు సరస్సు మీదుగా దిగుతారు. నైనాదేవి ఆలయం ఉన్న శిఖరం నుంచి నీటి మలుపులు స్పష్టంగా కనిపిస్తాయి. నిండు సరస్సు కావాలంటే సెప్టెంబరు, అక్టోబరు. మునిగిన ఆలయాలు కావాలంటే వసంతం. చేప తినాలనుకుంటే నిషేధ మాసాల్లో అడగకపోవడం మేలు: అప్పుడు దొరికే తాజా చేప బయటి చెరువులది కావాలి, లేదా దొంగవేటది కావాలి.