పాపిని పిలువదగునా?

ఇంగ్లండు దేశమున కేంబ్రిడ్జిషైరు మండలమందలి సోహామ్ అను చిన్న యూర, 1770వ సంవత్సరమున, బాప్టిస్టు సంఘమునకు చెందిన యొకడు మితిమీరి త్రాగుచున్నాడని తెలిసి, అప్పటికి పదునారేండ్ల ప్రాయము గలిగి, ఆ యేడే ఆ సంఘమున బాప్తిస్మము పొందియుండిన ఆండ్రూ ఫుల్లర్ అను కర్షకపుత్రుడు మందలింపగా, తన్ను తాను నిగ్రహించుకొను శక్తి తనకు లేదని యాతడు బదులు చెప్పెను. సంఘము ఆ మనుష్యుని వెలివేసెను గాని అతని మాటను వెలివేయజాలలేదు. హృదయశుద్ధి కృపచేతనే కలుగునైనను బాహ్యమైన దుష్క్రియలను మానుకొను శక్తి మనుష్యునకు గలదని కాపరియగు జాన్ ఈవ్ పలుకగా, పతితునకు మంచి చేయు శక్తి లేశమైనను గలదనుట కృపను తక్కువచేయుటయే యని పలువురు ఎదురుతిరిగిరి. తర్కము ముదిరి 1771లో ఈవ్ ఆ సంఘమును విడిచిపోవలసివచ్చెను.

ఒక త్రాగుబోతు సాకునుండి ఇంత తగవేల పుట్టెనో గ్రహింపవలెనన్న, బాప్టిస్టుల పుట్టుకయందే యున్న చీలికను కొంత తెలియవలెను. 1609లో ఆమ్‌స్టర్‌డామున ప్రవాసియైయుండిన జాన్ స్మిత్, శిశువులకు గాక స్వయముగా విశ్వసించినవారికే బాప్తిస్మము చెల్లునని నిశ్చయించి సంఘమును కొత్తగా కట్టగా, అతని సహచరుడు థామస్ హెల్విస్ 1612లో స్వదేశమునకు మరలి, లండను చెంత స్పిటల్‌ఫీల్డ్సునందు ఇంగ్లండునకు మొదటిదైన బాప్టిస్టు సంఘమును నెలకొల్పెను. క్రీస్తు సర్వజనులకొరకు మరణించెనని బోధించిరి గనుక వీరికి జనరల్ బాప్టిస్టులని పేరు వచ్చెను. ఒక తరము గడచునంతలో కాల్విను సిద్ధాంతమును స్వీకరించిన వేరొక పక్షము లండనునందే తలయెత్తి, దేవుడు ముందుగా ఏర్పరచుకొన్నవారికొరకే క్రీస్తు ప్రాణము పెట్టెనని నమ్మి, 1644లో ఏడు సంఘముల పక్షమున విశ్వాసప్రకటనము వెలువరించెను. వీరు పర్టిక్యులర్ బాప్టిస్టులు. నీటియొద్ద ఒకటియైనవారు కృపయొద్ద రెండైరి. ప్రభువు బల్లయొద్ద వీరిలో మరియొక భేదము పుట్టెను: యాత్రికుని ప్రయాణముచేత మనకు చిరపరిచితుడగు జాన్ బన్యన్, బాప్తిస్మమును గూర్చిన అభిప్రాయభేదము సహవాసమునకు అడ్డు కారాదని 1673లో వ్రాయగా, లండను వర్తకుడును కాపరియునగు విలియం కిఫిన్ దానిని ఖండించెను.

సోహామ్ తగవు మాత్రము ఈ రెండు పక్షముల నడుమ పుట్టినది కాదు. పర్టిక్యులర్ పక్షములోపలనే పుట్టినది. రక్షణ ఏర్పరచబడినవారికే యైనపుడు, వారెవరో యెరుగని బోధకుడు తన యెదుట కూర్చున్నవారి నందరిని విశ్వసింపుడని పిలువదగునా? శక్తి లేనివానికి విధి యెట్లు కలుగును? సదర్కునందు 50 సంవత్సరములకు పైగా కాపరియై, బైబిలు యావత్తునకును వ్యాఖ్యానము రచించిన మహాపండితుడు జాన్ గిల్, కృపను ప్రకటింపవలెనే గాని దానిని ఎల్లర ముందర నుంచి పుచ్చుకొనుడని చెప్పరాదని వాదించెను. ఆయన హృదయము కఠినమని నేను తలపను. జనరల్ సంఘములు పెక్కులు ఆ కాలముననే క్రీస్తు దైవత్వమును సైతము శంకించు స్థితికి జారుట చూచినవాడు, కృపాసిద్ధాంతమును మిక్కిలి జాగ్రత్తతో కాపాడనెంచుట సహజము. కాని ఆ జాగ్రత్త ఫలితముగా మారుమనస్సు పొందనివారితో మాటాడుటకే బోధకులు జంకిరి.

1775లో తానే సోహామ్ కాపరియైన ఫుల్లర్ ఈ సంకటమును ఏడేండ్లు అనుభవించెను. ఒకవంక తన్ను పెంచిన సిద్ధాంతము, మరియొకవంక దేవుని కుమారునకు లోబడుడని అన్యరాజులనే ఆజ్ఞాపించు రెండవ కీర్తన. ఈ రెంటిని పొందుపరచు త్రోవ అతనికి అమెరికా వేదాంతి జోనాథన్ ఎడ్వర్డ్సు గ్రంథమున దొరకెను. కాళ్లు లేనివాడు నడువకుండుట వేరు, నడువనొల్లనివాడు నడువకుండుట వేరు. పాపియొక్క అశక్తి రెండవ జాతిది, అది ఇచ్ఛయందలి దోషమే గాని ఇంద్రియములయందలి లోపము కాదు. కావున విశ్వసించుట అతనికి విధి, పిలుచుట బోధకునికి విధి, ఆ యొల్లనితనమును మార్చుట మాత్రము కృపయొక్క పని. ఈ వాదమును ఫుల్లర్ గ్రంథముగా 1785లో ప్రకటించెను. దాని పేరును తెలుగున ‘పూర్ణాంగీకార యోగ్యమైన సువార్త’ యనవచ్చును. ఏర్పాటును గూర్చిన తన విశ్వాసమును ఇసుమంతయు విడువక, ఆ సిద్ధాంతపు లోపలినుండియే దాని తలుపు తెరచుట ఈ గ్రంథముయొక్క ఘనత యని నా నమ్మిక.

ఇరువైపులవారును అతనిపై పడిరి. విలియం బటన్ అది గిల్ మార్గమునుండి తొలగుట యనెను. ఒకప్పుడు బొగ్గుగనిలో పనిచేసి, 1770లో జనరల్ బాప్టిస్టుల న్యూ కనెక్షనును స్థాపించిన డాన్ టేలర్, క్రీస్తు అందరికొరకు మరణింపనిచో అందరిని ఏ ముఖముతో పిలుతువని నిలదీసెను. టేలరు ప్రశ్నయే బలమైనది. 1801నాటి రెండవ కూర్పునందు ఫుల్లర్, క్రీస్తు బలి తనంతట అందరికిని చాలినదనియు, దాని వినియోగమునందే దేవుని నిర్ణయము కలదనియు తన మాటను సవరించెను.

ఈ వాదము గ్రంథములయందే నిలిచిపోలేదు. 1792 అక్టోబరు 2వ తేదీన కెట్టరింగునందు, వితంతువగు శ్రీమతి వాలిస్ యింట కొందరు కాపరులు కూడి, 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్నీల చందాతో ఒక మిషనరీ సంఘమును స్థాపింపగా, ఫుల్లర్ దాని కార్యదర్శియై 1815లో మరణించువరకు శ్రమించెను. ఆ సంఘము పుట్టిన మరుసటి యేడు చెప్పులు కుట్టుచు బోధకుడైన విలియం కేరీ వంగదేశమునకు ఓడయెక్కెను. ఇంగ్లండునందలి న్యూ కనెక్షను సంఘములును పర్టిక్యులరు సంఘములును 1891లో ఒక యూనియనులో కలిసిపోయెను. కలియనొల్లని స్ట్రిక్ట్ బాప్టిస్టులు వేరుగనే నిలిచిరి.

ఆ పిలుపు తెలుగువారికిని చేరెను. తెలుగు వ్యాకరణమును కేరీ 1814లో వంగదేశమందలి శ్రీరామపురమున ప్రకటించెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన అక్కడనే అచ్చుపడెను. కేరీ సహచరుడు విలియం వార్డు 1812లో కలకత్తాయందు అమెరికా మిషనరీయగు ఆడోనిరాం జడ్సనుకు బాప్తిస్మమీయగా, ఆ వార్త విన్న అమెరికా బాప్టిస్టులు 1814లో తమ మిషనరీ సభను కట్టిరి. ఆ సభవారే 1840లో నెల్లూరునకు వచ్చిరి. అందరిని పిలువదగునను మాటయందు వీరికి సంశయము లేదు. ఎవరిని చేర్చుకొనదగుననునదే వీరికి చిక్కైనది. 1876–78 నాటి కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకమున మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. వారిలో పలువురు బాప్తిస్మము కోరగా, అన్నమునకై వచ్చినవారెవరో విశ్వాసమునకై వచ్చినవారెవరో తేలువరకు ఇయ్యనని ఒక సంవత్సరమునకు పైగా నిరాకరించెను. స్వయముగా విశ్వసించినవానికే బాప్తిస్మమను స్మిత్, హెల్విసుల నియమము అతని చేతిని ఆపినది. సహాయధనము నిలిచిపోయిన పిదపను వారు మరలిపోలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఆరుగురు బోధకులు, ఒకమారు ఇద్దరు చొప్పున వంతులవారీగా నీట దిగి, 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి.