356 మైళ్ల కారు, మీటర్ తీగ తెగిన కారు

బాన్సువాడ నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చిన. ఈసారి ముచ్చట కార్ల గురించి. మైలేజీ ఎంత, ఎయిర్‌బ్యాగులు ఎన్ని అనే రివ్యూ కాదు. కారును చూపించుకోవడం అనే పిచ్చి మన దగ్గర ఎట్ల మొదలైంది, అందులో ఏ కారు మిగిలింది, ఏ కారు తుక్కులో కలిసింది అనే చరిత్ర. ఎందుకు చెప్తున్ననో ముందు చెప్తా.

మొన్న ఒక ఆదివారం పొద్దున నిజాంసాగర్ పోయే తోవల మనోళ్లు పది పన్నెండు మంది కార్లు తెచ్చి వరుసగా పెట్టిన్రు. ఒకరిది అల్లాయ్ వీల్స్ వేసిన స్విఫ్ట్, ఇంకొకరిది రంగు మార్చిన పాత జీపు, ఒక తమ్ముడిది సీట్లు మొత్తం కొత్తగా కుట్టించిన మారుతి 800. బానెట్లు లేపి ఒకరికొకరు చూపించుకుంటున్నరు. నేనూ పోయిన. నాకూ ఆ పిచ్చి ఉంది, దాచేదేముంది? అక్కడ ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మీ ఇంటెనక అంబాసిడర్ ఉందంట కదా. ఇస్తవా? కిందికి దించి, వేరే ఇంజన్ వేసి, మ్యాట్ బ్లాక్ కొడితే మామూలుగా ఉండదు."

నేను నవ్వి ఊరుకున్న. కానీ ఇంటికి వచ్చినంక ఆ మాట వదల్లే. ఎందుకంటే అదే వారం తుక్కు సామాన్ల ఆయన కూడా వచ్చి కిలోల లెక్కన రేటు చెప్పి పోయిండు. అంటే మా బాపు కారుకు రెండు దారులు: కాటా మీదికి పోవుడు, లేకపోతే గుర్తుపట్టకుండ మారుడు. మూడో దారి ఉందా? అది వెతుక్కుంటూ పోతేనే ఈ చరిత్ర దొరికింది.

మొదటి కారు దగ్గరికి పోదాం. హైదరాబాద్‌లో చౌమహల్లా ప్యాలెస్ చూసిన్రు కదా. అక్కడ ఒక పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉంటది. సిల్వర్ ఘోస్ట్ మోడల్. పైకప్పు గుమ్మటం లెక్క, వెనక సీటు సింహాసనం లెక్క. అందుకే దాన్ని త్రోన్ కార్ అంటరు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దీన్ని 1911లో ఆర్డర్ చేసిండు. ఇంగ్లండ్‌లో బార్కర్ అనే కంపెనీ బాడీ కట్టింది. కానీ కారు రాకముందే, 1911 ఆగస్టులో ఆయన చనిపోయిండు. కారు కొడుకు చేతికి వచ్చింది. ఆయనే ఏడో నిజాం, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. 1937 ఫిబ్రవరిలో ప్రపంచంలోనే ధనవంతుడని టైమ్ పత్రిక కవర్ మీద ఫోటో వేసింది ఈయనదే.

ఇప్పుడు ఇంజన్ చూడండి. ఆరు సిలిండర్లు, దాదాపు 7,400 సీసీ. మారుతి 800 ఇంజన్ 796 సీసీ. అంటే తొమ్మిది మారుతీల ఇంజన్లు కలిపినా దానికి కొంచెం తక్కువే. ఇంత పెద్ద ఇంజన్‌తో ఆ కారు ఎంత దూరం తిరిగిందో తెలుసా? మీటర్ మీద 356 మైళ్లు. మన లెక్కలో దాదాపు 573 కిలోమీటర్లు. బాన్సువాడ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయి వస్తే ఇంచుమించు అంతే. ఊరేగింపులకు, దర్బారు వేడుకలకు బయటికి తీసేటోళ్లు, మళ్లీ లోపల పెట్టేటోళ్లు.

అంటే మన రాష్ట్రంలో అందరికంటే పేరున్న పాత కారు ప్రయాణం కోసం కొన్నది కాదు. జనం చూడటానికి కొన్నది. మనం తోవ పక్కన బానెట్ లేపి చూపించుకుంటున్నమే, ఆ పని ఆయన వందేళ్ల ముందే చేసిండు. కాకపోతే ఆయన దగ్గర ఖజానా ఉంది, మన దగ్గర ఈఎంఐ ఉంది.

అదే నిజాం కాలంలో మన పక్కన ఏమైందో చూద్దాం. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన్రు. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. మూడు కిలోమీటర్ల పొడవు కట్ట. ఆ కట్ట మీద 14 అడుగుల వెడల్పుతో మోటారు బండ్లు పోయే రోడ్డు పెట్టిన్రు. ఒక్కసారి ఆలోచించండి. చుట్టుపక్కల ఊర్లల్ల ఎడ్లబండ్లు తప్ప వేరేది లేని రోజులవి. కారు రాకముందే కారు కోసం రోడ్డు వచ్చింది. ఆ నీళ్లతోనే మా దిక్కు వరి, చెరుకు పండింది. ఆ చెరుకు పైసలతోనే తర్వాత తర్వాత ఇంటింటికి మోటారు సైకిలు, ట్రాక్టరు, ఎక్కడో ఒక ఇంటికి కారు వచ్చినై.

1932లో ఇంకో సంగతి జరిగింది. నిజాం రైల్వే కిందనే రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులు, 166 మంది కార్మికులతో నడపడం మొదలుపెట్టిన్రు. మన ఆర్టీసీకి మొదలు అదే. మామూలు మనిషి మోటారు బండి ఎక్కింది అట్లనే. అంటే ఒకే రాజ్యంలో రెండు రకాల మోటార్లు: ఒకటి చూడటానికి, ఇంకోటి ఎక్కడానికి.

ఇప్పుడు ఎక్కిన కార్ల కథకు వద్దాం. అంబాసిడర్. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారును తీసుకుని, 1950ల చివర నుంచి కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో చేసిన్రు. 1,489 సీసీ ఇంజన్, చానా ఏండ్లు గేరు స్టీరింగ్ పక్కనే. ముందు సీటు బెంచీ లెక్క ఒకటే. డ్రైవర్‌తో కలిపి ముందు ముగ్గురు, వెనక ఎంతమంది పడితే అంతమంది. లైసెన్సుల రాజ్యం రోజుల్లో కారు బుక్ చేస్తే ఏండ్లకేండ్లు ఆగాలె. అంబాసిడర్, ఫియట్, ఇంకా స్టాండర్డ్. అంతే, వేరే దిక్కు లేదు. ఆ ఫియట్‌కే 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టిన్రు.

తర్వాత 1983 డిసెంబర్ 14న మారుతి 800 వచ్చింది. ధర 47,500 రూపాయలు. మొదటి కారు తాళాలు అప్పటి ప్రధాని ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఢిల్లీలో ఒక ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి ఇచ్చిన్రు. ఇక్కడ ఒక బాధ కలిగించే సంగతి ఉంది. ఆయన బతికున్నంత కాలం ఆ కారును అమ్మలే. 2010లో ఆయన పోయినంక అది ఇంటి ముందు ఎండకు వానకు తుప్పు పట్టింది. ఆ ఫోటోలు బయటికొచ్చి అందరూ మాట్లాడినంక దాన్ని బాగుచేసి కంపెనీలో పెట్టిన్రు. దేశంలో మొదటి మారుతికే ఆ గతి పట్టబోయిందంటే, బాన్సువాడల అంబాసిడర్‌ను ఎవరు పట్టించుకుంటరు?

అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. 2017లో ఆ పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో వాళ్లకు 80 కోట్లకు అమ్మిన్రు. చూడండి, ఉత్త పేరుకు 80 కోట్లు. పేరు మోసిన కారుకు కిలోల లెక్క.

మా బాపు మా కారును 1994లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నడు. 1986 మోడల్, డీజిల్. ఆ ఏడు చెరుకు మంచిగ పండింది. పేరుకు మా ఇంటి కారు, నిజానికి వాడకట్టు అందరిదీ. రాత్రి పూట ఎవరికన్నా నొప్పులు వస్తే మా తలుపు కొట్టేటోళ్లు. చలికాలం డీజిల్ ఇంజన్ అంత తొందరగా అందుకోదు. హీటర్ పెట్టి ఆగాలె, కాకపోతే నలుగురు దొబ్బాలె. పెళ్లి పిల్లగాడు ఎక్కింది అదే, అప్పగింతలప్పుడు పిల్ల ఏడుసుకుంట ఎక్కింది అదే. నేను పుట్టినప్పుడు నిజామాబాద్ దవాఖాన నుంచి నన్ను తెచ్చింది కూడా అదే.

మొన్న తుక్కాయన వచ్చి పోయినంక బాపును అడిగిన: "బాపూ, ఇది ఎన్ని కిలోమీటర్లు తిరిగి ఉంటది?"

"ఏమో బిడ్డా, మీటర్ తీగ తెగి ఇరవై ఏండ్లయింది. ఎవలు లెక్క పెట్టిన్రు?"

ఆ మాట నాకు బాగా తగిలింది. 573 కిలోమీటర్లు తిరిగిన కారుకు లెక్క ఉంది, అద్దాల ఇల్లు ఉంది, టికెట్ ఉంది. లక్షల కిలోమీటర్లు తిరిగి ఊరిని మోసిన కారుకు లెక్క కూడా లేదు. కొంచెమే తిరిగింది కాబట్టి అది మిగిలింది. అందరికీ పనికొచ్చింది కాబట్టి ఇది అరిగిపోయింది.

సరే, మరి ఏం చేయాలె? ప్రాజెక్ట్ కారు చేద్దామన్న తమ్ముడిది తప్పని నేను అనను. హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది, 2010లో తెరిచిన్రు. కె. సుధాకర్ అనే ఆయన బడికి పోయే రోజుల నుంచే తుక్కుతో బండ్లు చేసిండు. వంకాయ కారు, బర్గర్ కారు, హైహీల్ చెప్పు కారు, క్రికెట్ బ్యాటు కారు, అన్నీ నడిచేవే. 2005లో 41 అడుగుల పైన ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ తొక్కి గిన్నిస్ రికార్డు కూడా కొట్టిండు. తుక్కును కళ చేసిన మనిషి. దాన్ని నేను గౌరవిస్త.

కానీ రోడ్డు మీద తిరిగే బండికి చట్టం వేరే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మార్చొద్దు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. వేరే ఇంజన్ వేయాలన్నా ముందు ఆర్టీవో అనుమతి కావాలె, ఆర్‌సీలో ఎక్కాలె. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట చూసేది అదే. రీల్‌లో ఇది ఎవరూ చెప్పరు.

పాత బండి కాపాడుకునే తోవ కూడా ఒకటి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏండ్లు దాటాలె, అసలు రూపంలోనే ఉండాలె. ఫీజు 20,000, పదేండ్లు చెల్లుతది, నంబర్ ప్లేట్ మీద వీఏ అని వస్తది. ప్రదర్శనకు, ర్యాలీకి, రిపేరుకు తీయొచ్చు గానీ రోజువారీ తిప్పరాదు.

ఇప్పుడు లెక్క వేయండి. సొంత కారు ఆర్‌సీ 15 ఏండ్లు. తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్. దాని ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 15 దాటితే ముసలి బండి, 50 దాటితే వారసత్వం. మధ్యల 35 ఏండ్లు ఏంది? ఆ 35 ఏండ్లలోనే మన ఊర్ల కార్లన్నీ కాటా ఎక్కుతున్నయ్. రాజుల కార్లకు గ్యారేజీలు ఉన్నయ్, పనోళ్లు ఉన్నయ్, ఆ ఏండ్లు దాటినై. మనోళ్లకు వేపచెట్టు నీడ ఒక్కటే ఉంది.

మా కారుకు 50 నిండేది 2036లో. బాపుకు ఈ రూల్ అంతా చెప్పిన. కొంచెం సేపు ఆలోచించి అన్నడు: "అప్పటిదాకా నేనుంటనో లేదో. కానీ అమ్మకు. రంగు గింగు మార్చకు. పైన రేకుల షెడ్డు వెయ్యి."

షెడ్డు వేసినం. మిస్త్రీని పిలిచి ఇంజన్ పట్టేయకుండా నూనె మార్పిచ్చినం, కొత్త బ్యాటరీ పెట్టినం. మూడో రోజు స్టార్ట్ అయింది. నల్లటి పొగ. మా అమ్మ ఉతికిన బట్టలన్నీ కరాబైనై, తిట్లు తిన్నం. రోడ్డెక్కాలంటే కాగితాల పని ఇంకా చానా ఉంది, అప్పటిదాకా వాకిట్లనే. ఆ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పిన: "ఇయ్యను గానీ, ఆదివారం వచ్చి బానెట్ లేపి చూసుకో." వచ్చిండు. బాపు వానికి గంట సేపు గేర్లు చూపించిండు. ఇరవై ఏండ్లలో బాపు అంతసేపు మాట్లాడుడు నేను చూడలే.

మీకు చెప్పేది ఇదే. ఇంట్లో పాత కారు, జీపు, ట్రాక్టరు, లూనా ఏదున్నా, అమ్మే ముందు మూడు పనులు చేయండి. ఆర్‌సీ ఫోటో తీసి పెట్టుకోండి. బండి పక్కన పెద్దోళ్లను నిలబెట్టి ఒక ఫోటో తీయండి. ఆ బండిలో ఎవరెవరు ఎక్కడెక్కడికి పోయిన్రో వాళ్ల నోటితో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. బండిని ఉంచుకునుడు అందరితోని కాదు, నాకు తెలుసు. జాగా కావాలె, పైసలు కావాలె. కానీ మీటర్ లేని బండికి ఆ పెద్దోళ్ల మాటనే మీటర్.

నేను బాపు మాటలు రాస్తున్న. ఇప్పటికి 43 ప్రయాణాలు గుర్తొచ్చినై. ఇంకా చెప్తున్నడు. ఉంట మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.