రాగిరేకులపై దీవివాసులు

పెద్ద గ్రంథాలయములలో భద్రపరచిన పూర్వపు సముద్రయాత్రా గ్రంథములను తెరచినచో, పుటల నడుమ దళసరి కాగితముపై సన్నని నల్లగీతలతో అచ్చొత్తిన చిత్రములు కానవచ్చును. కొబ్బరిచెట్ల చెంత నిలిచిన జంటపడవలను, ఈకల శిరస్త్రాణములు దాల్చిన దొరలను, మొగము నిండ పచ్చబొట్లు గల వీరులను వానియందు చూడవచ్చును. పసిఫిక్ మహాసముద్రపు దీవుల ప్రజలను పదునెనిమిదవ శతాబ్దపు ఐరోపా చదువరి ఎరిగినది ముఖ్యముగా ఈ బొమ్మల మూలముననే. ఛాయాగ్రహణము అప్పటికి పుట్టలేదు. కావున బొమ్మ యేమి చెప్పినదో అదియే నిజమని లోకము నమ్మెను.

నమ్ముటకు ముందు ఆ బొమ్మ తయారగు విధమును తెలిసికొనవలెను. ఓడపై వెళ్లిన చిత్రకారుడు పెన్సిలుతోనో నీటిరంగులతోనో గీసి తెచ్చిన పటమును లండనులో మరియొక చిత్రకారుడు పుస్తకమునకు తగినట్లు దిద్దితీర్చుట కలదు. పిదప చెక్కుడు పనివాడు నునుపైన రాగిరేకుపై ఉక్కుమొనతో గాని, ఆమ్లముతో గాని ఆ గీతలను దించును. గీతలలో సిరా నింపి, రేకు పైభాగమును తుడిచి, తడి కాగితముంచి యంత్రమున ఒత్తినచో చిత్రము కాగితముపైకి వచ్చును. కాని కుడియెడమలు తారుమారగును. అందువలన పనివాడు రేకుపై చిత్రమును తిరుగవేసి చెక్కవలెను. అచ్చు చూచి నకలు తీయువాడు ఈ జాగ్రత్త మరచెనా, కుడిచేతి బల్లెము ఎడమచేతికి వచ్చును!

ఆంగ్ల నావికుడు జేమ్సు కుక్ 1768–71 నడుమ చేసిన మొదటి యాత్రలో అలెగ్జాండరు బుచన్, సిడ్నీ పార్కిన్‌సన్ అను చిత్రకారు లిరువురు ఉండిరి. బుచన్ 1769లో తహితి దీవిలో మరణించెను. పార్కిన్‌సన్ 1771 జనవరిలో, బటేవియా విడచిన పిమ్మట, రోగపీడితుడై నడిసముద్రమున కన్నుమూసెను. వారి చిత్రములు స్వదేశము చేరినవి. చిత్రములు సరిగా చెక్కబడుచున్నవో లేవో చూచుటకు వారు లేరు. యాత్రావృత్తాంతమును హాక్స్‌వర్త్ అను పండితుడు 6,000 పౌనుల ప్రతిఫలమునకు కూర్చి 1773లో ప్రకటించెను. అందు రాయియాతియా దీవిలోని యొక యింట జరుగు నాట్యమును చూపు చిత్రము కలదు. పార్కిన్‌సన్ గీతలను సిప్రియాని తిరుగ గీయగా బార్తొలొజ్జి చెక్కెను. ఇరువురును ఇటలీ దేశస్థులు, తమ విద్యలో ఘనులు. ఆ దీవిని మాత్రము ఎన్నడును చూచినవారు కారు. అందలి నాట్యకత్తెలు ప్రాచీన రోమకుల పాలరాతి ప్రతిమలవలె వలువలు జారవిడిచి నిలిచియుందురు. అదే సంవత్సరమున పార్కిన్‌సన్ సోదరుడు వెలువరించిన దినచర్యలో న్యూజిలాండు మావొరీ నాయకుని శిరస్సు కలదు. నుదుటను, చెక్కిళ్లపైని సుడులు తిరిగిన పచ్చబొట్ల రేఖలను అందు శ్రద్ధగా చూపిరి. ఆ రేఖలు మావొరీలకు అలంకారమాత్రము కావు. మనిషి వంశమును, గౌరవమును తెలుపునవి.

ఆ ఓడలోనే మరియొక చిత్రకారుడుండెను. రాయియాతియాలో పుట్టి, పురోహితుడును నావికావిద్యా నిపుణుడును అయిన తుపాయియా 1769 జూలైలో తహితి నుండి కుక్ వెంట బయలుదేరి, 1770 డిసెంబరులో బటేవియాలో మరణించెను. ఒక మావొరీవాడు పెద్ద సముద్రపు రొయ్యను చేతనుంచుకొని ఇంగ్లీషువానితో బేరమాడుచున్న నీటిరంగుల చిత్రము ఆతని చేతిదే. చిరకాలము దాని కర్త యెవరో తెలియలేదు. ఓడలో ప్రయాణించిన ప్రకృతిశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బాంక్సు 1812లో వ్రాసిన యొక లేఖ 1997లో బయటపడినప్పుడు గాని సత్యము వెల్లడి కాలేదు. ఆ చిత్రమున కొనువాడును అమ్మువాడును సమానమైన యెత్తున, ఎదురెదురుగా నిలిచియున్నారు.

రెండవ యాత్ర 1772–75లో సాగినది. చిత్రకారుడు విలియం హాడ్జెస్. ఈతడే తరువాత 1780లో మదరాసు రేవున దిగి, మన దేశపు కోటలను, నదీతీరములను చిత్రించెను. తోంగా దీవులలోని యొకదానిపై కుక్ దిగుటను చూపు ఈతని చిత్రమును షెర్విన్ అను పనివాడు చెక్కగా, 1777లో అది అచ్చైనది. అదే యాత్రలో పాల్గొనిన జర్మను యువకుడు జార్జి ఫార్‌స్టర్ దానిని చూచి ఊరకుండలేదు. ఇందలి మొగముల తీరు గ్రీకులదే కాని ఆ దీవులది కాదనియు, స్త్రీలకు లేని నిలువుటంగీలు తొడిగిరనియు, గడ్డములు గొరిగికొను జనులలో తెల్లని పొడుగు గడ్డపు వృద్ధుని నిలిపిరనియు ఆ సంవత్సరమే తన గ్రంథమున ఎత్తిచూపెను. తోడివాని మాటను మించిన సాక్ష్య మేమి కావలెను? అయినను చిత్రము చేరినన్ని యిండ్లకు ఆ విమర్శ చేరలేదు.

పేర్ల విషయమును చెప్పవలెను. చిత్రము క్రింద ఎడమవైపున గీసినవాని పేరును, కుడివైపున చెక్కినవాని పేరును వ్రాయుట ఆచారము. నడుమ, బొమ్మలోని వ్యక్తికి, పెక్కింట "ఫలానా దీవి పురుషుడు", "ఫలానా దీవి స్త్రీ" అను మాటలే దక్కినవి. 1774లో లండను చేరి కీర్తిగాంచిన మాయి అను యువకునికి పేరు దక్కెను గాని అదియును వక్రమైనది. తహితి భాషలో పేరునకు ముందు వచ్చు "ఓ" అను అక్షరమును పేరులోనిదే యని భ్రమించి ఆంగ్లేయులు "ఓమాయి" యని చెక్కించిరి.

ఇంత చెప్పినను ఈ రాగిరేకులను త్రోసిపుచ్చుటకు వీలులేదు. మూడవ యాత్రలో కుక్ 1779 ఫిబ్రవరి 14న హవాయిలో హతుడయ్యెను. చిత్రకారుడు జాన్ వెబ్బర్ మాత్రము 1780లో క్షేమముగా తిరిగివచ్చెను. ఆ చిత్రములు 1784లో వెలువడినవి. హవాయి పడవవాండ్రు ఎండిన ఆనపబుర్రలకు కన్నులు, ముక్కు కొరకు రంధ్రములు తొలిచి తలకు తొడిగికొనిన దృశ్య మందులో కలదు. బుర్రపైన ఆకుల కొమ్మలు, క్రింద గడ్డమువలె వ్రేలాడు నారబట్ట పేలికలు. వీని ప్రయోజనమును గూర్చి ఓడవారు ఊహలు చేసిరే కాని నిశ్చయింపలేకపోయిరి. నాటి ఆ ముసుగులలో ఒక్కటియును నేడు మిగిలియుండలేదు. హవాయి ప్రజలు వానిని తిరిగి చేయదలచినప్పుడు వెబ్బర్ చిత్రములనే ముందుంచుకొనవలసివచ్చెను.

ఆ సంపుటములోనే అట్టి ముసుగు దాల్చిన ఒంటరి పురుషుని చిత్రము మరియొకటి కలదు. ముసుగు అల్లిక, ఆకుల పొందిక, పేలికల తీరు స్పష్టముగా తెలియుచున్నవి. మనిషి మొగము కనబడదు; క్రింద పేరును లేదు.