పరారుణ టెలిస్కోపు: హైదరాబాదు బెలూన్ నుంచి చిన్న ఉపగ్రహం దాకా

ఎండాకాలంలో తెనాలిలో చల్లటి నీళ్ల గ్లాసు బల్ల మీద పెడితే కాసేపటికే దానికి చెమట పడుతుంది. సముద్రపు గాలి తగిలే బాపట్ల, రేపల్లెల్లో ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. గ్లాసును తడిపిన ఆ నీటి ఆవిరే, నక్షత్రాలు పుట్టే ధూళిమేఘాల నుంచి వచ్చే పరారుణ కాంతిలో చాలా భాగాన్ని నేలకు దిగనివ్వదు. అందుకే పరారుణ టెలిస్కోపును ఆవిరి దాదాపు లేని ఎత్తుకు చేర్చాలి.

1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో విడదీసి, ఎరుపుకు అవతల ఏమీ కనబడని చోట పెట్టిన థర్మామీటరులో పాదరసం పైకి పోవడం చూశాడు. పరారుణ కాంతి అలా దొరికింది. తెలుగునాట ఈ పరిశోధనకు నెలవు హైదరాబాదు. టాటా మౌలిక పరిశోధనా సంస్థ 1969 నుంచి అక్కడ బెలూన్ కేంద్రం నడుపుతోంది. మీటరు వెడల్పు అద్దమున్న పరారుణ టెలిస్కోపును 1980లలో అక్కడి నుంచే సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు ఎగరేసింది. రాత్రంతా ఆకాశాన్ని చూశాక అది పారాచూట్‌తో ఏ చేలోనో దిగేది. దాన్ని వెతికి తెచ్చి, బాగుచేసి, మళ్లీ ఎగరేసేవారు. ఈ ఓపికకు రావలసినంత పేరు రాలేదు. 1999లో ఆ టెలిస్కోపుకే జపాన్ శాస్త్రజ్ఞుల స్పెక్ట్రోమీటరు అమర్చి, అయనీకరణ చెందిన కార్బన్ 158 మైక్రాన్ల దగ్గర వెలువరించే కాంతిని కొలిచారు.

ఎత్తుకు చేరినా అసలు చిక్కు తీరదు. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ పరారుణంలో వెలుగుతుంది. టెలిస్కోపు గొట్టమూ అంతే. పట్టపగలు దీపాలు వెతకడం లాంటి పని ఇది. బెలూన్ టెలిస్కోపు డిటెక్టర్లను హీలియంతో 0.3 కెల్విన్‌ దాకా చల్లబరిచారు. 1983లో ఆకాశమంతా గాలించిన ఐరాస్ ఉపగ్రహం, హీలియం ఆవిరైపోవడంతో పది నెలలకే పని ముగించింది. చిన్న ఉపగ్రహానికి అంత హీలియం మోసే స్తోమత లేదు. 2025లో నాసా పంపిన స్ఫీరెక్స్ 20 సెంటీమీటర్ల టెలిస్కోపుతో, హీలియం లేకుండా, ఎండకు అడ్డుపెట్టిన కవచాల నీడలోనే చల్లబడుతోంది.

టాటా సంస్థ ప్రతిపాదించిన ఇర్సిస్ పరికరం ఈ కోవలోదే. టెలిస్కోపు వెడల్పు 30 సెంటీమీటర్లు. అద్దం పట్టిన కాంతిని సన్నని ఫైబర్ల కట్టలు రెండు స్పెక్ట్రోమీటర్లకు చేరవేస్తాయి. ఒకటి 1.7 నుంచి 3.4 మైక్రాన్లు, రెండోది 3.2 నుంచి 6.4 మైక్రాన్లు చూస్తుంది. మధ్యలో ఖాళీ పడకుండా రెండింటి అంచులూ కావాలనే ఒకదాని మీదికి ఒకటి జరిపారు. సూర్యుడికి చుట్టుపక్కల, నక్షత్రాలు కాలేకపోయిన గోధుమ మరుగుజ్జులను వెతకడం దీని ముఖ్యోద్దేశాల్లో ఒకటి. ప్రయోగశాల నమూనాను సంస్థ తయారు చేసింది.