టన్నుల లెక్కలో లేని ఆసుపత్రి

జూన్ 3 దల్లీ రాజ్‌హరాలో షహీద్ ఆసుపత్రి పుట్టినరోజు. భిలాయి ఉక్కు కర్మాగారం కొలుములకు ఇన్నేళ్లూ ఖనిజం పెట్టిన గనుల ఊరది.

ఛత్తీస్‌గఢ్ అడవుల్లో అగారియాలు తరతరాలుగా మట్టి కొలిమిలో ఇనుము తీశారు. 1880ల్లో ప్రమథనాథ్ బోస్ దల్లీ కొండల ఖనిజాన్ని గుర్తించాడు. 1955లో భిలాయి కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ ప్లాంటులో పని కోసం మన ఉత్తరాంధ్ర కుటుంబాలెన్నో భిలాయి సెక్టార్ క్వార్టర్లకు చేరాయి.

ఉక్కు పరిశ్రమలో ఉత్పాదకత అంటే, ఏడాదికి ఒక్కో ఉద్యోగికి ఎన్ని టన్నులు అన్నదే. ఉద్యోగి అంటే కంపెనీ రిజిస్టరులో పేరున్నవాడు. దల్లీలో సమ్మెటతో రాయి కొట్టి, తట్టలతో లారీలకెత్తింది ఆడామగా కాంట్రాక్టు కూలీలు. వాళ్లెత్తిన టన్నులు లెక్కకెక్కాయి, వాళ్లు ఎక్కలేదు.

1977లో ఆ కూలీలు కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగితో కలిసి ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ కట్టుకున్నారు. ఆ జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పులకు 11 మంది బలయ్యారు. తర్వాత సంఘం నాయకురాలు కుసుమ్ బాయి కాన్పులో సరైన వైద్యం అందక చనిపోయింది. ఆ దుఃఖంలోంచే మన ఆసుపత్రి మనమే కట్టుకుందామన్న పట్టుదల పుట్టింది. సొంత చందాలు పోగేశారు. గనిలో పని ముగించుకొచ్చి ఇటుకలు మోశారు. బినాయక్ సేన్, శైబాల్ జానా వంటి డాక్టర్లు వచ్చి కలిశారు. 1983 జూన్ 3న తలుపులు తెరిచింది ఒక ముసలి గని కార్మికుడు, ఒక ముసలి రైతు. కాల్పుల్లో పోయిన అమరుల (షహీద్‌ల) గుర్తుగానే ఆసుపత్రికి ఆ పేరు పెట్టారు. ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా నాకు గుండె నిండుతుంది.

అదే సంఘం సారా మాన్పించింది. దుకాణంలో అమ్ముడైన సీసా జాతీయాదాయంలో చేరుతుంది. కూలి డబ్బు ఇల్లు చేరి, పిల్లలు కడుపునిండా తింటే ఆ మేలుకు ఏ పద్దూ లేదు. ఇటుక మోసిన సాయంత్రాలకూ లేదు. యంత్రాలొచ్చినప్పుడు, మనుషుల పని పోకుండా సగం యంత్రాలతో తవ్వే పద్ధతిని సంఘమే ప్రతిపాదించింది. అలా నిలిచిన కూలి కూడా ఉత్పాదకత పట్టికలో వెనకబాటుగానే కనిపిస్తుంది. ఆ కొలత నాకు అన్యాయంగా తోస్తుంది.

1991 సెప్టెంబరు 28న నియోగిని భిలాయిలో కాల్చి చంపారు. 1992 జూలై 1న భిలాయిలో రైలు పట్టాల మీద కూర్చున్న కార్మికులపై మళ్లీ కాల్పులు. చేతిపని గనులు తగ్గిపోయాయి. ప్లాంటు 70 లక్షల టన్నుల సామర్థ్యానికి పెరిగింది, రిజిస్టరులో పేర్లు తగ్గాయి. షహీద్ ఆసుపత్రి మాత్రం 100కు పైగా పడకలతో నడుస్తోంది. దల్లీ ఖనిజం తరిగిపోవడంతో రావ్‌ఘాట్ గనుల వైపు రైలు మార్గం వేశారు. అక్కడ తవ్వకమూ కాంట్రాక్టుకే ఇచ్చారు.